రానివాళ్ళ పుస్తకం

ఆ శుక్రవారం పొద్దున కాలేజీకి బయల్దేరుతూ, చెప్పులేసుకుని గడపలోనే నిలబడి, నెలనెలా పంపే మెసేజ్ పంపించాను. "ఆదివారం పదిన్నరకు మీటింగు. తప్పకుండా రండి." ఒక్కసారి నొక్కితే జాబితాలో ఉన్న అందరికీ పోతుంది. స్కూటరు తాళం వెతుక్కునే లోపలే ఒక జవాబు వచ్చింది. మా కండక్టరు మామ నంబరు నుంచి. మూడు నెలలుగా మీటింగు మొహం చూడని మనిషి. ఇప్పటికి అలక తీరిందన్నమాట అనుకున్నాను. కొంచెం గెలిచినట్టు కూడా అనిపించింది. ఆ ముక్క దాచుకోను.

తెరిచి చూస్తే, "నాయన సోమవారం పోయినాడు. నేను ఆయన బిడ్డని. మీరెవరో నాకు తెలీదు. ఈ నంబరుకు ఇంక పంపొద్దండి" అని ఉంది.

రెండుసార్లు చదివాను. తర్వాత నేను పంపిన దాన్ని చదివాను. పోయి నాలుగు రోజులైన మనిషిని తప్పకుండా రమ్మని పిలిచాను. చెప్పులు విప్పి లోపలికి వచ్చి కూర్చున్నాను. ఆ రోజు క్లాసులో ఏం చెప్పాలనుకున్నానో కూడా గుర్తుకు రాలేదు.

ఆయన మీలో ఎవరికీ తెలిసి ఉండడు. జమ్మలమడుగు బస్సులెక్కినవాళ్ళైతే మొహం చూస్తే గుర్తుపడతారేమో. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఈ మూడు ఊళ్ళ మధ్యనే ఆయన ఉద్యోగం దాదాపుగా అంతా నిలబడి గడిచింది. రిటైరైనాక కూడా అందరూ కండక్టరనే పిలిచేవాళ్ళు. నేను మామా అనేదాన్ని. చుట్టరికమేం లేదు, మా వైపు పిలుపే అంత.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఆయనకూ నాకూ ఏం సంబంధమో మీకు అర్థం కాదు. నేను ప్రొద్దుటూరులో ఒక డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. బెంగుళూరులో ఉద్యోగం చేసిన రోజుల్లో ఎఫెక్టివ్ ఆల్ట్రూయిజం అనే ఆలోచన నన్ను పట్టుకుంది. మేలు చేయాలనే మనసు ఒక్కటే చాలదు, మనకున్న సమయమూ డబ్బూ చదువూ ఎక్కడ పెడితే ఎక్కువ మందికి ఎక్కువ మేలు జరుగుతుందో విచారించి మరీ చెయ్యాలి అనేది దాని సారం. మన ఊరి పిల్లవాడైనా, మనం ఎన్నడూ చూడని దేశంలో దోమ కుట్టి జ్వరంతో పడున్న పిల్లవాడైనా ప్రాణం ఒకటేనంటుంది. నా బుద్ధికి అది సరిగ్గా అతికింది. సొంతూరికి తిరిగొచ్చాక, పెద్ద పెద్ద నగరాల్లో నడిచే ఇలాంటి గుంపు ప్రొద్దుటూరులో ఎందుకు ఉండకూడదని పంతం పట్టాను. నాకు పంతం ఎక్కువ. మా ఇంట్లో అడిగినా చెబుతారు.

ఒక కోచింగ్ సెంటరు మేడమీద గది ఆదివారం పూట ఖాళీగా ఉంటే మాట్లాడుకున్నాను. "మేలు చేయడం ఎట్లా? చర్చ. అందరూ ఆహ్వానితులే" అని కాగితం మీద రాసి బస్టాండు దగ్గర గోడకు అంటించాను. మొదటి మీటింగుకు వచ్చినవాళ్ళలో సగం మంది నా స్టూడెంట్లు, అటెండెన్సు వేస్తానేమోనని వచ్చారు. అందరూ కూర్చున్నాక గుమ్మంలో ఒక పెద్దాయన చేతిలో గుడ్డసంచితో నిలబడ్డాడు. లోపలికి రాకముందే వేలు గాల్లో ఆడిస్తూ, పెదాలు కదుపుతూ మమ్మల్ని లెక్కపెట్టుకున్నాడు. తర్వాత, ఇది స్వాములోరి మీటింగా, చీటీల మీటింగా అని అడిగాడు. రెండూ కాదన్నాను. అయితే కూర్చుంటానని తలుపు పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ తర్వాత ఎన్ని మీటింగులైనా, ఏ ఊళ్ళో అయినా, ఆయన కుర్చీ తలుపు పక్కనే.

ఆ రోజు నేను గంటసేపు బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పాను. దగ్గరివాళ్ళను వదిలేసి ఎక్కడో ఉన్నవాళ్ళకు ఎందుకు చెయ్యాలని స్టూడెంట్లు అడిగితే నా జవాబులు పొడుగైపోతున్నాయి. తలుపు దగ్గర నుంచి ఆయన ఒక్కమాట చెప్పాడు.

"సీటు ముందెక్కినోనికి గాదు పాపా, నిలబడలేనోనికి ఇయ్యాల. వాడు మనూరోడా కాదా అని అడిగి ఇస్తామా?"

నా గంట ఉపన్యాసం ఆయన రెండు ముక్కల్లో పూర్తిచేశాడు. నాకు సంతోషమేసింది, కొంచెం ఉడుకుమోత్తనం కూడా వచ్చింది. తర్వాత నెలల్లో ఈ మాట నాదే అన్నట్టు చాలాచోట్ల వాడుకున్నాను. ఆయన విని నవ్వేవాడు.

రెండో నెల నలుగురే వచ్చారు. ఖాళీ కుర్చీలు చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది. మీటింగు అయ్యాక ఆయన సంచిలోంచి రెండొందల పేజీల నోటుబుక్కు, స్కేలు తీసి గీతలు కొట్టడం మొదలుపెట్టాడు. మూడు గడులు. పేరు, ఎందుకు రాలేదు, ఎవరు పోయి కలిసినారు. పోయిన నెల వచ్చి ఈ నెల రానివాళ్ళ పేర్లన్నీ మొదటి గడిలో రాసుకున్నాడు. ఒక్కసారి చూసిన మొహాలు, ఒక్కసారి విన్న పేర్లు, ఒకటి కూడా తప్పలేదు.

వచ్చినవాళ్ళ సంతకాలు నా దగ్గర ఉన్నాయి కదా, ఇదెందుకు మామా అన్నాను. అప్పుడు చెప్పాడు. కొన్నాళ్ళు చాపాడు వైపు డ్యూటీ చేసినప్పుడు, ఒక స్టేజీలో రోజూ కూరగాయల గంపతో ఒక ముసలామె ఎక్కేదంట. ఒక రోజు ఎక్కలేదు. రెండో రోజూ ఎక్కలేదు. అదే ఊరివాళ్ళు ఎక్కితే అడిగాడు, ఎవరికీ తెలీదు. మూడో రోజు డ్రైవరును బతిమాలి బస్సు ఆపించి, ఆ ఊరతన్ని ఒకణ్ణి దింపి, పోయి చూసి రమ్మన్నాడు. తుంటి విరిగి ఇంట్లో ఒక్కతే పడుందంట. బతికింది.

"ఎక్కినోళ్ళు ట్రిప్ షీట్లో ఉంటారు పాపా. ఎక్కనోళ్ళు యాడుంటారు? మనమే రాసుకోవాల" అన్నాడు.

ఆ నెలంతా ఆయన పుస్తకం పట్టుకుని తిరిగాడు. వాళ్ళింటికి పోయి మీటింగు ఊసే ఎత్తడు. కూర్చుంటాడు, పిల్లల చదువులడుగుతాడు, ఉడకబెట్టిన శెనక్కాయలు సంచిలోంచి తీసి పెడతాడు. లేచేటప్పుడు వాళ్ళే ఎందుకు రాలేకపోయారో చెప్పుకుంటారు. మీటింగులు నడపడం ఎట్లాగో నేను ఇంటర్నెట్లో చదివిన మార్గదర్శకాల్లో, ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాలని ఒక అధ్యాయమంతా ఉంది. నేను దానికి ప్రశ్నల పట్టిక తయారు చేసుకుని పోతే, ఇంటర్వ్యూకు వచ్చినట్టు జనం చేతులు కట్టుకుని కూర్చునేవాళ్ళు. ఆయన శెనక్కాయలతో పోయేవాడు.

జరీనా సంగతి చెప్పాలి. ప్రొద్దుటూరులోనే బట్టలు కుడుతుంది, భర్త కువైట్లో ఉన్నాడు. మా గుంపులో అందరికంటే పదునైన ప్రశ్నలు ఆమెవే. రెండు నెలలు వచ్చి ఆగిపోయింది. ఇంట్లో ఒప్పుకోలేదేమో, మగవాళ్ళ మధ్య కూర్చోవడం ఇబ్బందేమో అని నేను పెద్ద సిద్ధాంతమే అల్లి, దాని మీద అందరికీ ఒక చిన్న ప్రసంగం కూడా ఇచ్చాను. మామ పోయి కలిసి వచ్చి రెండో గడిలో రాసింది ఇంతే: "పది గంటలకు కువైట్ ఫోన్ వస్తాది." భర్త డ్యూటీ ఎక్కేముందు రోజూ ఆ వేళకే మాట్లాడతాడంట. మీటింగు పదిన్నరకు మార్చాం. మళ్ళీ ఒక్క నెల తప్పలేదు ఆమె. అప్పటి నుంచి ఇప్పటి దాకా మా మీటింగు పదిన్నరకే.

జమ్మలమడుగులో మొదటిసారి పెట్టినప్పుడు నేను అందమైన పోస్టరు చేయించి కనిపించిన ప్రతి వాట్సాప్ గ్రూపులో వేశాను. అది చూసి ఆయన, మీటింగు సంగతి తెలిపినావు సరే, పిలిచేదెప్పుడని అడిగాడు. పిలిచాను కదా అంటే తల అడ్డంగా ఊపాడు. "వాట్సాప్‌లో వేస్తే తెలిసినట్టు పాపా, పిలిచినట్టు గాదు." మా వైపు పెళ్ళికార్డు పోస్టులో వస్తే ఎవరూ పోరు. ఇంటికొచ్చి, మంచినీళ్ళు తాగి, రావాల అని నోటితో చెబితేనే పిలుపు. నాకు తెలియని సంగతేం కాదు. ఎక్కడో ఉన్న పిల్లలకు దోమతెరలు కొనిచ్చే సంగతి మాట్లాడుకునే మీటింగుకు కూడా అదే వర్తిస్తుందని తట్టలేదు, అంతే. ఆయన సొంతూరు జమ్మలమడుగే, వారం పాటు ఇల్లిల్లూ తిరిగాడు. ఆ ఆదివారం కుర్చీలు చాలక చాపలు పరిచాం.

మీటింగు మొదలుపెట్టాలంటే తలుపు మూసి "రైట్, రైట్" అనేవాడు. ఎవరైనా ఐదు నిమిషాలు దాటి మాట్లాడితే, బస్సు ఆపించినట్టు "హోల్డాన్" అని కేకేసేవాడు. ఎక్కువసార్లు ఆపింది నన్నే.

పులివెందులలో ఒక రోజంతా జరిగే సదస్సు పెట్టినప్పుడు నేనొక ఘనకార్యం చేశాను. సింహాద్రిపురం నుంచి చీనీతోటలు, అంటే బత్తాయి తోటలున్న ఒక రైతు వచ్చాడు. పెద్ద కుటుంబం, ఊళ్ళో మాట చెల్లే మనిషి. ఏటేటా గుడి దగ్గర అన్నదానం చేస్తానని తన వంతు రాగానే చెప్పుకున్నాడు. నేను మైకు తీసుకుని, కడుపు నిండినవాళ్ళకే మళ్ళీ అన్నం పెట్టడం కంటే అదే ఖర్చుతో ఏమేం చేయొచ్చో నా క్లాసు ధోరణిలో వివరించాను. మనిషి ఎర్రబడ్డాడు. భోజనాలకు ముందే లేచి వెళ్ళిపోయాడు. నేను చెప్పింది తప్పు కాదు కదా అని అందరినీ అడిగాను. తప్పు కాదనే అన్నారు అందరూ, మామ తప్ప. ఆయన పుస్తకంలో పేరు రాసుకుంటున్నాడు.

తర్వాతి వారం మామ ఆ తోటకు పోయాడు. మధ్యాహ్నం దాకా చెట్ల కింద తిరిగాడంట, రెండు చీనీకాయలు తిన్నాడంట, నీళ్ళు ఎన్ని అడుగుల్లో పడ్డాయో మాట్లాడుకున్నారంట. బస్సుకు లేస్తుంటే ఆ రైతే, మళ్ళీ మీటింగెప్పుడని అడిగాడంట. ఆయన ఇప్పటికీ వస్తాడు. అన్నదానం ఆపలేదు, నాతో వాదన కూడా ఆపలేదు. కానీ తన ఊరి బడిలో పిల్లలందరికీ నులిపురుగుల మందు మింగించే రోజున దగ్గరుండి నడిపించేది ఆయనే.

మామ లేకపోతే ఆ గుంపు ఎప్పుడో చెదిరిపోయేదని ఇప్పుడు రాయడం తేలిక. అప్పుడు నేనట్లా అనుకోలేదు. ఆయన మంచి మనిషి, పెద్దమనిషి, కుర్చీలు సర్దుతాడు, శెనక్కాయలు తెస్తాడు అనుకున్నాను. పని చేస్తున్నది నేననుకున్నాను.

నాలుగు నెలల కిందట మార్గదర్శకాల్లో ఇంకో అధ్యాయం చదివాను. జారిపోయేవాళ్ళ వెంట పడి సమయం ఖర్చు చేసుకోకుండా, ఆసక్తితో వస్తున్న కొత్తవాళ్ళ మీద పెడితే ఫలితం ఎక్కువని నాకు అర్థమైంది. అంత గట్టిగా వాళ్ళు చెప్పారో, నా పంతానికి నేనే గట్టి చేసుకున్నానో ఇప్పుడు చెప్పలేను. ఆ ఆదివారం బోర్డు మీద ఒక గ్రాఫు గీశాను. ఒక రాని మనిషి కోసం మామ తిరిగే గంటలు ఇటు, ఆ గంటల్లో పరిచయం చేసుకోగల కొత్తవాళ్ళు అటు. గీసి, అందరి ముందు, "మామా, రానోళ్ళ వెంట పడేది మానేద్దాం. ఎవరిష్టం వాళ్ళది. ఇంక పోవద్దు" అన్నాను.

నేను లెక్కతో మాట్లాడానే గాని మనిషితో కాదు. ఆయన బోర్డు వైపు చూసి, పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నాడు.

"సరే పాపా. నీ లెక్క రైటే ఉంటాది."

ఆ రోజు ఆయన చెప్పులు విప్పేసి, కాళ్ళు చాప మీద పెట్టుకుని కూర్చున్నాడు. పాదాల మీద చెప్పుల పట్టీల గుర్తులు లోతుగా దిగి ఉన్నాయి. చూశాను. ఎండలకు ఉబ్బాయేమో అనుకున్నాను. బోర్డు తుడుచుకుంటూ నా పని నేను చూసుకున్నాను.

తర్వాతి నెల ఆయన రాలేదు. తలుపు పక్కన కుర్చీ చూడగానే నాకు అర్థమైందనుకున్నాను. అలిగాడు. నలుగురిలో అన్నాను కదా, పెద్దవాళ్ళకు రోషం ఉంటుంది. పోయి బతిమాలితే నేను గీసిన గ్రాఫుకు నేనే విలువ ఇవ్వనట్టవుతుంది. అలక దానంతటదే తీరుతుందిలే అనుకున్నాను. రెండో నెల జరీనా అడిగింది, మామ ఏడని. అలిగినాడు, వస్తాడులే అన్నాను. ఆమె నన్ను అదోలా చూసింది. మూడో నెల ఎవరూ అడగలేదు.

ఆ మూడు నెలల్లో ఒక రోజు పులివెందులలో హాలు చూడడానికి జమ్మలమడుగు మీదుగా పోయాను. బస్సు స్టాండులో పది నిమిషాలు ఆగింది. మామ వాళ్ళ వీధి అక్కడికి ఐదు నిమిషాల నడక. దిగి టీ తాగాను. ఆ వీధి మొదలు కనిపిస్తూనే ఉంది. బస్సు వదిలేసి పోదామా అని ఒక క్షణం అనుకున్న మాట నిజం. గ్లాసు పెట్టేసి బస్సెక్కాను. నా గ్రాఫులో ఈ పది నిమిషాలు ఎక్కడ పడతాయో ఇప్పటికీ తెలియదు.

ఇంకో సంగతి. ఆ మూడు నెలలూ ఎప్పుడో ఆగిపోయిన వాళ్ళు ఒక్కొక్కరే తిరిగి రావడం మొదలుపెట్టారు. మెసేజ్‌లో "రాగలరు" అని ఉన్నదాన్ని నేను "రండి" అని మార్చి ఉన్నాను. దాని ఫలితమేనని తేల్చుకున్నాను. ఇలాంటి గుంపులు నడిపే వేరే ఊళ్ళ వాళ్ళకు ఒక నివేదిక కూడా రాశాను, చిన్న మార్పుతో హాజరు పెరిగిందని.

ఆ శుక్రవారం సెలవు పెట్టి జమ్మలమడుగు పోయాను. ఇల్లు తెలుసు, ఎన్నోసార్లు ఆయన రమ్మంటే ఒక్కసారి పోయిందాన్ని. మంచం తలుపు పక్కనే ఉంది, పరుపు చుట్టి పెట్టారు. అత్త, అంటే ఆయన భార్య, గోడకానుకుని కూర్చునుంది. నన్ను చూసి ఏడవలేదు. కూర్చో పాపా అంది. మెసేజ్ పెట్టిన కూతురు లోపలి నుంచి వచ్చి, మీరని తెలీక అట్ల పెడితినని నొచ్చుకుంది. నొచ్చుకోవలసింది తను కాదు.

కిడ్నీలంట. ఏడాదిగా ఉందంట, ఎవరికీ చెప్పనివ్వలేదంట. చివరి మూడు నెలల్లో కొన్నాళ్ళు వారానికి రెండుసార్లు కడపకు తీసుకుపోయి రక్తం శుద్ధి చేయించారు. తర్వాత డాక్టర్లు, ఇంక లాభం లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నేను లెక్చరర్ని కదా, అలవాటు పోదు. ఏ నెలలో వచ్చి ఉంటే ఏమైనా మారేది, ఎవరినైనా కనుక్కుని ఎక్కడికైనా తీసుకుపోయి ఉంటే ఏమయ్యేది అని ఒక్కొక్కటే అడుగుతూ పోయాను. అత్త ప్రతి దానికీ ఓపిగ్గా జవాబు చెప్పింది. ఎట్లా అడిగినా అదే జవాబు. ఏమీ మారేది కాదు.

చివరికి ఆమే ఆపింది నన్ను. "వచ్చింటే ఏం చేసుందురు పాపా. డాక్టర్లే చేతులెత్తేసిరి. వచ్చింటే కూర్చోని పోయుందురు, అంతే."

మళ్ళీ తనే అంది. "ఆదివారమైతే తలుపు దిక్కే చూస్తాండె. మంచం ఈడికి జరిపిచ్చుకున్యాడు."

కూతురు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగాను. మామ ఇన్నేళ్ళూ రానివాళ్ళ ఇళ్ళకు పోయి చేసింది ఇదే కదా. కూర్చున్నాడు, మంచినీళ్ళు తాగాడు, లేచి వచ్చాడు. ఎవరి జబ్బూ నయం చేయలేదు, ఎవరి కష్టమూ తీర్చలేదు. అదే నేను ఒక్క మనిషికి చేయలేకపోయాను. ఎన్నడూ చూడని పిల్లల ప్రాణాల గురించి మూడు ఊళ్ళలో మాట్లాడినదాన్ని నేను. ఆ మాటలు తప్పని ఇప్పటికీ అనను. ఆయన కూడా అనలేదు.

ఫోను మాత్రం వదల్లేదని కూతురు చెప్పింది. పడుకునే ఎవరెవరికో చేసేవాడంట. ఎవరికి నాయనా అంటే, "పోవద్దనింది పాప. పోలేదులే, ఫోనే చేస్తాండా" అని నవ్వేవాడంట. తన ఒంటి సంగతి మాత్రం ఒక్కరికీ చెప్పలేదు. తర్వాత ఆదివారం మీటింగులో ఈ సంగతి జరీనాతో అంటే ఆమె చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. "నెల నెలా ఫోన్ చేస్తాండె మామ. పిల్లలెట్లుండారు, మిషన్ రిపేరయిందా అని నన్నే అడుగుతాండె. నువ్వెట్లుండావు అని నేను అడగలా మేడం" అంది.

ఆ శుక్రవారం నేను లేవబోతుంటే అత్త మంచం కింద నుంచి గుడ్డసంచి లాగి నా ఒళ్ళో పెట్టింది. ఇది మీ మీటింగుదేనంట, నీకియ్యమన్యాడు అంది. స్కేలు ఉంది, పెన్ను ఉంది, పుస్తకం ఉంది. నేను అక్కడే తెరిచాను, ఇంటికి తీసుకుపోయి తెరిచే ధైర్యం లేక.

నేను పోవద్దన్న రోజు తర్వాత మూడు పేజీలు ఉన్నాయి. మీటింగు అయ్యాక గ్రూపులో నేను పెట్టే ఫొటో చూసి, అందులో లేనివాళ్ళెవరో పోల్చుకుని రాసినట్టున్నాడు. పేరు, కారణం, మూడో గడిలో ప్రతి ఒక్కరి ఎదురుగా "ఫోన్లో, నేనే". తిరిగి వచ్చారని నేను నివేదికలో రాసిన వాళ్ళందరూ అక్కడున్నారు.

మూడు పేజీల్లోనూ మొదటి వరుసలో ఆయన పేరే ఉంది. మొదటి నెల కారణం, ఒంట్లో బాగలేదు. రెండో నెల, కాళ్ళు వాపు. మూడో నెల, లేవలేను. మూడు చోట్లా చివరి గడి ఖాళీ. తనను తాను పోయి కలవలేడు కదా, అందుకని వదిలేశాడు. ఎత్తిపొడుపు కాదది. ఎవరైనా వస్తే వాళ్ళ పేరు రాసుకోవడానికి ఉంచుకున్నాడు.

అత్తకు చదువు రాదు. ఏం రాసుండాడు పాపా అని అడిగింది. పేర్లు అత్తా అన్నాను. వచ్చినోళ్ళవా అంది. కాదు, రానోళ్ళవి అన్నాను. ఆ, అదే రాస్తాండె ఎప్పుడూ అని తలూపింది.

పేజీ తిప్పితే ఇంకోటి ఉంది. మా మీటింగు నెలలో మొదటి ఆదివారమే కాబట్టి, రాబోయే ఆదివారం తేదీ ముందే వేసుకున్నాడు. అక్షరాలు వంకర పోయాయి గాని గీతలు మాత్రం స్కేలు పెట్టి తిన్నగా కొట్టాడు. మొదటి వరుసలో ఆయన పేరు. పక్కన రెండు గడులూ ఖాళీ.

ఆ ఆదివారం మీటింగు జరిగింది. పదిన్నర దాటినా ఎవరూ మొదలుపెట్టలేదు, తలుపు ఎవరు మూయాలో తెలియక. చివరికి చీనీతోటాయన లేచి మూశాడు. రైట్ అనే మాట ఎవరి నోటా రాలేదు. నేను తలుపు పక్కన కుర్చీలో కూర్చుని పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాను. ఆయన పెన్నే తీసి, ఎందుకు రాలేదు అన్న గడిలో రాయవలసింది రాశాను. దాని పక్కన, ఎవరు పోయి కలిసినారు అన్న గడి మీద పెన్ను ఆనించి చాలాసేపు కూర్చున్నాను. గడి పెద్దదేం కాదు. ఒక్క పేరు పడుతుంది.